మిగిలిన అయిదు కుదుపులు

"వంటింట్లో పెట్టిన స్టేషను స్టేషను కాదమ్మా. ఆ కుదుపులన్నీ మిక్సీలూ మోటార్లూ. మస్కట్ రికార్డును నివేదికలో చేర్చడం లేదు. పెట్టెను ఈ నెలాఖరులోగా కొరియర్ చేయగలవు."

నిసార్ అహ్మద్ గారి మెసేజ్ వచ్చినప్పుడు నేను మెంతికూర తుంచుతున్నాను. ఆకు ఒకవైపు, కాడ ఒకవైపు వేస్తూ మూడుసార్లు చదివాను. మూడోసారి చదివేసరికి కాడలు ఆకుల్లో పడ్డాయి. అన్నీ ఏరి మళ్లీ వేరు చేశాను.

ఆయన వరంగల్‌లో ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యారు. ఇళ్లలో, బడుల్లో చిన్న రిసీవర్లు పెట్టించి ఆకాశాన్ని గమనించే బృందం ఒకటి నడుపుతారు. మొత్తం పదకొండు పెట్టెలు. పదకొండోది ఇక్కడ, మస్కట్‌లోని అజైబాలో మేం అద్దెకుండే పాత విల్లా పైపోర్షన్లో, మా వంటింటి అలమర మీద ఉంది. డాబా మీంచి తీగ దిగడానికి వీలైన కిటికీ ఆ గదికే ఉంది మరి. ఆ తీగ చుట్టిన చెక్క చట్రాన్ని మా ఆయన సైట్లో పనిచేసే షట్టరింగ్ కార్పెంటర్ భూమేశ్ ఒక శుక్రవారం వచ్చి చేసిచ్చాడు. మనిషంత చట్రం, దాని చుట్టూ ఎనభై చుట్ల తీగ. "దీనిమీద బట్టలారేస్తవా అక్కా?" అని అడిగాడు. ఆకాశం వినడానికి అంటే, "వినవడితె నాకు గూడ చెప్పు, మా కంపెనీల జీతం ఎప్పుడొస్తదో అడగాలె" అన్నాడు.

ఆ పెట్టె చేసే పని చెప్పడం తేలికే. నౌకాదళాలు నీళ్లలోపలి జలాంతర్గాములతో మాట్లాడడానికి రాత్రింబగళ్లు రేడియో సంకేతాలు పంపుతుంటాయి. అవి నేలకూ, నేలకు ఎనభై తొంభై కిలోమీటర్ల ఎత్తున విద్యుత్తు నిండిన గాలిపొరకూ మధ్య తగులుకుంటూ వేల మైళ్లు పోతాయి. ఆ పొర కాస్త చెదిరినా మన దాకా వచ్చే సంకేతం పెరగడమో తరగడమో జరుగుతుంది. వాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో మనకు తెలియదు, అక్కర్లేదు. ఎంత బలంగా వచ్చిందో క్షణక్షణం గీత గీసుకుంటే చాలు. మా పెట్టె రెండు సంకేతాలను వింటుంది. ఒకటి తిరునల్వేలి వైపు నుంచి, ఇంకొకటి మధ్యధరా సముద్రం వైపు నుంచి. దక్షిణపు గీత, ఉత్తరపు గీత అంటాను నేను.

రంజాన్ మూడోవారంలో ఒక గురువారం తెల్లవారుజామున నాలుగూ పదకొండుకు ఆ రెండు గీతలూ ఒక్కసారిగా మెట్టు దిగినట్టు దిగాయి. మధ్యాహ్నానికి బృందంలో ఒకటే సందడి. ఎక్కడో కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఒక నక్షత్రం కూలిపోయి గామా కిరణాల పేలుడు జరిగింది. ఆ కిరణాలు ఇన్ని యుగాలు ప్రయాణం చేసి ఆ తెల్లవారుజామున మన గాలిపొరను తాకాయి. ఉపగ్రహాలు చూశాయి, వరంగల్ పెట్టె చూసింది, మధురై పెట్టె చూసింది, మా వంటిల్లూ చూసింది.

అక్కడితో ఆగితే పేచీ లేదు. మా గీతల్లో ఆ మెట్టు తర్వాత ఏడు చిన్న కుదుపులు ఉన్నాయి. మొదటిది నాలుగూ పదహారుకు, చివరిది సరిగ్గా నాలుగున్నరకు. ఒక్కొక్కటీ సెకనులో లేచి, నిమిషంలో సర్దుకుంది.

అలాంటి ఆకారం నేను పుస్తకాల్లో చూశాను. భూమి చుట్టూ చాలా ఎత్తున, భూమి అయస్కాంతశక్తి పట్టి ఉంచిన ఎలక్ట్రాన్లూ ప్రోటాన్లూ వలయాలుగా తిరుగుతుంటాయి. రేడియేషన్ వలయాలంటారు. జల్లెడలో నిలిచిపోయిన పిండి లాంటివి అవి. కదపకపోతే అలాగే ఉంటాయి, జల్లెడ అంచును తడితే కొన్ని రాలతాయి. రాలినవి గాలిపొరలో పడితే మా గీత కుదుపు తింటుంది. మామూలుగా తట్టేది మెరుపు. ఎక్కడో ఉరుముల వాన కురిస్తే ఇక్కడ గీత కదులుతుంది. మరి ఆ రోజు తట్టిందెవరు? గామా కిరణాలు గాలిపొరను మార్చినప్పుడు ఆ మార్పు పైకి పాకి వలయాలను కూడా తట్టగలదా? నేను చదివినంతలో గట్టిగా అవునన్నవాళ్లు లేరు, కాదన్నవాళ్లూ లేరు. అందుకే నివేదిక కోసం ఒకే వాక్యం రాసి పంపాను: "ఈ ఏడింటికీ పేలుడుకూ సంబంధం ఉండవచ్చు, పరిశీలించాలి."

ఆ వాక్యానికి వచ్చిన జవాబే ఇది. చేతులు కడుక్కుని ఫోన్ చేశాను.

"సార్, నమస్తే. శ్రీవాణిని, మస్కట్ నుంచి."

"ఆఁ, చెప్పమ్మా. మనసులో పెట్టుకోకు. అందరిళ్లలో అయ్యేదే."

"మిక్సీ అని ఎలా తేల్చారు సార్?"

"రంజాన్ నెల, పొద్దున నాలుగున్నర, ఉపవాసానికి ముందు సెహ్రీ తినే టైము. మీ కింది పోర్షన్లో ఎవరుంటారన్నావ్?"

"రషీదున్నీసా ఆపా వాళ్లు. కడప వాళ్లు."

"మరి! ఆ టైముకి మా ఇంట్లోనే రెండు మిక్సీలు తిరుగుతాయి. నాకు రంజాన్ నువ్వు చెప్పాలా?" నవ్వారు. "అది వదిలెయ్యి. నీ నోటుబుక్కే చెప్తోంది కదా. పేజీ ఫొటో నువ్వే పంపావ్. మోటార్ ఆన్ 4.15, ఆఫ్ 4.30. నీ ఏడు కుదుపులూ ఆ పావుగంటలోనే ఉన్నాయి. నీ చేతిరాతేనమ్మా."

ఆ నోటుబుక్కు ఆయన అడిగితే మొదలుపెట్టింది కాదు. ఇంటిగోల ఏదో ఆకాశం ఏదో తేల్చుకోవాలని నేనే పెట్టుకున్నాను. ఎనిమిది నెలలుగా మిక్సీ వేసినా, ఇస్త్రీపెట్టె పెట్టినా, డాబా మీది ట్యాంకుకు నీళ్లెక్కించే మోటార్ వేసినా టైము రాస్తున్నాను. మోటార్ తిరిగితే గీత నూగుపట్టినట్టవుతుంది, కుదుపులు రావు. ఆ ధీమాతో ఆ పేజీని గీత పక్కన పెట్టి చూసుకోకుండానే ఫొటో తీసి పంపేశాను. తప్పు నాదే.

"శుక్రవారం మీటింగ్‌లో నివేదిక ఖాయం చేస్తున్నాం. పెట్టె కోసం ఒక కాలేజీ వాళ్లు అడుగుతున్నారు. వాళ్లకు ల్యాబ్ ఉంది" అన్నారు.

"శుక్రవారం దాకా టైముంది కదా సార్" అన్నాను.

"ఉంది" అన్నారు ఆయన.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక కిందికి వెళ్లాను. రషీదున్నీసా ఆపా మనవరాలిని ఒళ్లో వేసుకుని సమోసాలు మడుస్తోంది. ఆమె భర్త ఫజల్ గారికి ఖురంలో టైలర్ షాపు. పండగ బట్టల గిరాకీ కాబట్టి ఆ నెలంతా పగటిపూట ఇంట్లో మగదిక్కు ఉండదు.

"ఆపా, మొన్న గురువారం సెహ్రీకి మిక్సీ వేశారా?"

"ఏందమ్మా, నిద్ర చెడిందా నీకు?"

"అదేం కాదు ఆపా. నా పెట్టెలో గీతలు కదిలాయి. మా సారు మీ మిక్సీ అంటున్నారు."

చేతిలో సమోసా అలాగే ఆగిపోయింది. "నేనా? సెహ్రీకి మిక్సీయా? యా అల్లా! ఈ పిల్ల లేస్తే మళ్లా పండుకోబెట్టేది ఎవురు, మీ సారొస్తాడా జోకొట్టేదానికి? ఖిచిడీలోకి ఖట్టా చేస్తానా, నువ్వులు ఏంచుకోని హమామ్‌దస్తాలో దంచుతా. అదో, చూడు."

మూలన ఇత్తడి రోలు, రోకలి. తలుపు సందులోంచి పడ్డ ఎండకు మెరుస్తోంది.

"కడప నుంచి మోసుకొచ్చినా దాన్ని. ఏర్‌పోర్టులో తూకం ఎక్కువైందన్యారు. నాలుగు చీరలు తీసి మా తమ్ముడి చేతికిచ్చినా గానీ దాన్ని వదల్లా. మిక్సీ ఏసింది నేను కాదమ్మా, నువ్వు! పైన గుర్రుమంటాంటే నేనే టైము చూసుకున్యా. అజాన్‌కి ముప్పావుగంట గూడా లేదు, లేసి తిను అని మా ఆయన్ను లేపినా."

"టైము ఎంతయింది ఆపా అప్పుడు?"

"నాలుగూ ఇరవైమూడు."

"కాదాపా. నేను మిక్సీ వేసింది నాలుగూ ముప్పై ఎనిమిదికి. రాసుకున్నాను."

"నీ పుస్తకం నీది, నా రోజా నాది" అంది ఆపా. "సెహ్రీలో మేం నిమిషం నిమిషం చూసుకుంటామమ్మా. ఒక్క నిమిషం దాటి గుటక ఏస్తే రోజా పోతాది. నాకు తప్పదు. నీ పుస్తకానికి ఏమైందో నువ్వు చూసుకో."

పైకి వచ్చి లాప్‌టాప్‌లో ఆ రోజు గీతలు తీశాను. నూగు ఉంది. కాకపోతే నాలుగూ పదిహేను నుంచి నాలుగున్నర దాకా లేదు. నాలుగు గంటల నుంచి నాలుగూ పదిహేను దాకా ఉంది. మోటార్ ఒకచోట, నా రాత ఇంకొకచోట. లాప్‌టాప్ టైము ఇంటర్నెట్ నుంచి వస్తుంది, దానికి తిరుగులేదు. తలెత్తి గోడగడియారం చూశాను. అయిదూ ఇరవై అయిదు. ఫోన్ చూశాను. అయిదూ పది.

నోటుబుక్కు మొదలుపెట్టిన రోజు ఆ గడియారాన్ని ఫోన్‌తో సరిచూసే రాయడం మొదలుపెట్టాను. తర్వాత ప్రతినెలా ఒకటో తారీకున చూస్తూనే ఉన్నాను. పగలంతా చేతిలో ఫోన్ ఉంటుంది. గోడ వైపు చూసేది తెల్లవారుజాము హడావుడిలోనే.

మా ఆయన సంజీవ్ కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సర్వేయర్. ఆరింటికి డ్యూటీ నుంచి వచ్చి, గడప దగ్గర బూట్లు విప్పుతుంటే అడిగాను.

"గడియారం ఎవరు జరిపిన్రు?"

"ఏ గడియారం?"

"మనింట్ల ఎన్ని గడియారాలున్నయ్?"

ఒక బూటు విప్పి రెండోదాని లేసు చాలాసేపు వెతికాడు. "గదా... మొన్నటి సోమారం కాంచి కంపెనీ బస్సు పావుగంట ముందుగాల వస్తదన్నరు. నీకు చెప్పినా గని నువ్వు గంటె పట్టుకున్నవంటే టైము యాదికుండదు. అందుకే జరిపిన. మంచిగనే అయితుంది కదా, డబ్బా టైముకు వస్తుంది."

"ఎంత జరిపినవ్?"

"పావుగంట. నిమిషం అటు ఇటు లేదు. నేను సర్వేయర్ను."

"సర్వేయర్వు కదా. సైట్ల కొలతలకు గుర్తువెట్టిన బెంచ్‌మార్క్‌ను ఎవ్వలకు చెప్పకుండ జరుపుతవా?"

లేసు వదిలేశాడు. "జరిపితే నౌకరి ఊడుతది."

"నాది ఊడుతుంది" అన్నాను, ఫోన్‌లో మెసేజ్ ముందు పెట్టి.

చదివాడు. మొహం మారింది. లోపలికి వచ్చి లాప్‌టాప్ ముందు కుర్చీ లాక్కుని, "ఏది, చూపెట్టు" అన్నాడు. ఆయన నా పెట్టె ముందు కూర్చోవడం అదే మొదటిసారి. ఆయన జరిపినందుకు కోపం అంతలోనే పోయింది. తొమ్మిది రోజులు నేను గమనించలేదన్నది మాత్రం ఇప్పటికీ పోలేదు.

ఆ పేజీలోని ప్రతి టైములోంచీ పావుగంట తీసేశాం. మోటార్ నాలుగింటికి మొదలై నాలుగూ పదిహేనుకు ఆగింది. మొదటి కుదుపు నాలుగూ పదహారుకు. అంటే ఏడు కుదుపుల్లో ఒక్కదాంట్లోనూ మోటార్ లేదు.

"అయిపాయె! సారుకు ఫోన్ కొట్టు" అన్నాడు సంజీవ్.

"ఆగు." పేజీలో ఇంకో రెండు వరుసలున్నాయి. మిక్సీ 4.38. మిక్సీ 4.43. పావుగంట తీసేస్తే నాలుగూ ఇరవైమూడు, నాలుగూ ఇరవై ఎనిమిది. ఆపా చెప్పిన టైము మొదటిదానికి నిమిషం తేడా లేకుండా సరిపోయింది. నాలుగో కుదుపు నాలుగూ ఇరవైమూడుకు ఉంది. ఆరోది ఇరవై ఎనిమిదికి.

గీతలను పెద్దవి చేసి చూశాను. ఇంటిగోల అయితే ఒకే తీగలోంచి వస్తుంది కాబట్టి ఉత్తరపు గీతలోనూ దక్షిణపు గీతలోనూ పడాలి. ఆ రెండు కుదుపులూ రెండింటిలోనూ ఉన్నాయి. మిగిలిన అయిదూ ఉత్తరపు గీతలోనే ఉన్నాయి, దక్షిణపుదాంట్లో వాటి జాడ లేదు. ఇది నేను మొదటిరోజే చూడాల్సింది. ఏడు అనే అంకె మీద ఇష్టంతో ఏడింటినీ ఒకే కుప్ప వేశాను.

ఎర్రపెన్నుతో నాలుగోదాన్నీ ఆరోదాన్నీ కొట్టేశాను.

"గవెందుకు తీసేస్తున్నవే? మంచిగున్నయి కదా, గట్లనే కనవడుతున్నయి."

"ఇది నీ పల్లి చట్నీ. ఇది అల్లం."

సంజీవ్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఏడు అని రాసి పంపినదాన్ని అయిదని చెప్పబోతున్నాను.

శుక్రవారం మీటింగ్ కంప్యూటర్ తెర మీద. పదిమంది మొహాలు, పదకొండోది నాది. గడియారం సంగతి దాచకుండా మొదట అదే చెప్పాను. నోటుబుక్కు పేజీ, దిద్దిన టైములు, నూగు, కొట్టేసిన రెండు, మిగిలిన అయిదు, అన్నీ చూపించాను. కింది ఇంట్లో మిక్సీ వేయలేదని, హమామ్‌దస్తాలో దంచారని కూడా చెప్పాను.

మధురై ఆయన అడిగాడు: "ఉత్తరపు దారిలో ఆ టైముకు ఉరుముల వాన లేదని చూశారా?"

"ఇంకా పూర్తిగా చూడలేదండీ. మెరుపుల పటం కోసం రాశాను. మెరుపులే అయితే అదే రాస్తాను. అందుకే సంబంధం ఉందనలేదు, ఉండవచ్చు అన్నాను."

నిసార్ అహ్మద్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "బాగా కష్టపడ్డావమ్మా. నేను తొందరపడ్డాను, ఒప్పుకుంటా. ఒక పని చేద్దాం. మీ మెట్టును తీసుకుంటాం, అది అందరి రికార్డుతో కలుస్తోంది. మస్కట్ పేరు ఉంటుంది, పెట్టె నీ దగ్గరే ఉంటుంది. ఆ అయిదూ, ఆ వాక్యమూ తీసేద్దాం."

"ఎందుకు సార్?"

"పెద్దపెద్దవాళ్లు చదువుతారమ్మా దీన్ని. బస్సు కోసం జరిపిన గడియారం, పల్లి చట్నీ, హమామ్‌దస్తా... నవ్వుతారు. నిన్ను చూసి నవ్వితే నన్ను చూసి నవ్వినట్టే."

ఆయన మంచిమనిషి. ఆ మాట నా మేలు కోరే అన్నారని నాకు తెలుసు. పెట్టె ఉంటుంది, పేరు ఉంటుంది, ఒక్క వాక్యం పోతుంది. లాప్‌టాప్ వెనక సంజీవ్ నిలబడి ఒప్పుకోమన్నట్టు తల ఊపుతున్నాడు.

"సార్, మెట్టు వచ్చింది ఈ తీగలోంచే. అయిదు కుదుపులు వచ్చిందీ ఈ తీగలోంచే. నాలుగూ పదకొండుకు నమ్మదగ్గ స్టేషను, అయిదు నిమిషాల్లో వంటిల్లు ఎలా అయిపోయింది?"

నిసార్ అహ్మద్ గారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

"నవ్వేవాళ్లు నవ్వనీయండి. ల్యాబుల్లో ఎవరి గడియారం ఎవరు జరిపారో వాళ్లు రాసుకుంటున్నారో లేదో నాకు తెలియదు. నేను రాసుకున్నాను. నా తప్పు నేనే పట్టుకుని, రెండు నేనే కొట్టేశాను. మిగిలిన అయిదింటిని కొట్టేయడానికి నాకు కారణం కావాలి. సిగ్గు కారణం కాదు సార్."

"అలా మొండికేస్తే ఎలాగమ్మా?"

"చేరిస్తే మెట్టూ అయిదు కుదుపులూ కలిపి చేర్చండి. లేదంటే మెట్టు కూడా ఇవ్వను."

"అయితే పెట్టె?"

"ఆదివారం కొరియర్ చేస్తాను."

నివేదికలో మస్కట్ లేదు. అనుకున్న ప్రకారం ఆదివారం పెట్టెను పాత దుప్పట్లో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, అంచులన్నీ టేపు వేసి పంపాను. లోపల దాని మీటల వరుస ఎలా ఉండాలో రాసిన కాగితం కూడా పెట్టాను. కాలేజీ పిల్లలకు పనికొస్తుంది.

పెట్టె ఆయనది. తీగ నాది, చట్రం భూమేశ్ చేసింది, నోటుబుక్కు నాది. ఖురంలో ఒక షాపులో మంచి సౌండ్ కార్డు దొరికింది. ఈ సంకేతాలు పట్టుకోవడానికి అదీ ఒక పాత లాప్‌టాపూ చాలు, చదివి తెలుసుకున్నాను. తీగ కొసలను అతికించడానికి సంజీవ్ సైటు నుంచి ఎలక్ట్రీషియన్‌ను పిలుచుకొచ్చాడు. పండగ వెళ్లిన మూడోరోజున తెర మీద మొదట దక్షిణపు గీత, కాసేపటికి ఉత్తరపు గీత పాకుతూ వచ్చాయి. మోటార్ స్విచ్ వేసి చూశాను. నూగు పట్టింది. ఆపేశాను. పోయింది.

గోడగడియారాన్ని సంజీవ్ సరిచేయబోతే వద్దన్నాను. ఆయన బస్సు ఆయనకు కావాలి. దాని కింద ఒక చీటీ అంటించాను: పావుగంట ముందు. నోటుబుక్కులో ఇప్పుడు రెండు గడులు, గోడ టైము ఒకదాంట్లో, ఫోన్ టైము ఒకదాంట్లో.

ఆ గురువారం రికార్డు మొత్తాన్ని, కొట్టేసిన రెండింటితో సహా, ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టాను. మెరుపుల పటం వచ్చింది. మూడు కుదుపుల టైముకు దారి పొడవునా ఎక్కడా మెరుపు లేదు. రెండింటికి దక్షిణ ఇరాన్‌లో వాన ఉంది. అదీ రాశాను. తట్టిందెవరో తెలియదు అని రాశాను. బృందంలో పదిమందికీ లింకు పంపాను, నిసార్ అహ్మద్ గారికి కూడా. ప్రతి ఆదివారం కొత్త గీతలు పంపుతూనే ఉన్నాను. ఆయన జవాబు ఇవ్వలేదు, పంపొద్దనీ అనలేదు. అన్నా మానను.

నిన్న రషీదున్నీసా ఆపా పైకి వచ్చి తెర ముందు నిలబడింది.

"ఏదమ్మా, నా సంగతి ఏడ రాసినావు?"

చూపించాను. నా కళ్లజోడు అడిగి పెట్టుకుని, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది: "కింది ఇంట్లో మిక్సీ వేయలేదు. నువ్వులు హమామ్‌దస్తాలో దంచారు. సాక్షి, రషీదున్నీసా."

"కడప అని రాయలేదే?"

కుర్చీ లాక్కుని, ఆమె చూస్తుండగానే చేర్చాను.